ప్లగ్ చవకే, దాని చుట్టూ ఉన్నవే ఖరీదు: కాయిల్ బండిలో స్పార్క్ ప్లగ్‌లు మార్చడం

ఈ ఎపిసోడ్ బయట గల్లీలో షూట్ చేస్తున్నాం, మధ్యలో హారన్లు, కోడికూతలు వినిపిస్తే సర్దుకోండి. మనం ఉన్నది మాణికేశ్వర్ నగర్. తార్నాక పక్కన, ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న బస్తీ. వడ్డెర బస్తీ అంటే పాతవాళ్లకు ఇంకా తొందరగా అర్థమవుతుంది. పొద్దున పూట ఈ గల్లీల్లో నడిస్తే పసుపు నంబర్ ప్లేటు బండ్లు చాలా కనిపిస్తాయి. క్యాబ్ నడిపేవాళ్లకు బండి ఒక రోజు ఆగిందంటే ఆ రోజు కూలి ఆగినట్టే. అందుకే ఈ టాపిక్ ఇక్కడే చేద్దామనుకున్నా.

మన ముందున్నది డిజైర్. 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, సీఎన్‌జీ కూడా ఉంది. నడిపే అన్న చెప్పిందేంటంటే, ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది, తార్నాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది. ఒక షాపులో చూపిస్తే, స్కానర్ పెట్టకుండానే, నాలుగు కాయిళ్లూ మార్చెయ్యాలన్నారట. నాలుగు కాయిళ్లంటే వేల రూపాయల మాట. అదే నాలుగు మామూలు ప్లగ్‌లైతే ఒక్క కాయిల్ ధర కూడా కావు.

ఈ లెక్క కాసేపు మనసులో పెట్టుకోండి. ప్లగ్ చవక. దాని నెత్తిన కూర్చున్న కాయిల్ చవక కాదు. ప్లగ్ బిగిసే సిలిండర్ హెడ్ అసలే చవక కాదు. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి అడగనే వద్దు. ఈరోజు నేను చెప్పే ప్రతి జాగ్రత్తా ప్లగ్ కోసం కాదు, ఆ మూడింటి కోసం.

ముందు కాయిల్ ఆన్ ప్లగ్ అంటే ఏంటో చూద్దాం. మీ ఇంట్లో పెద్దవాళ్లు మారుతి 800 నడిపి ఉంటే వాళ్లను అడగండి. 1983 చివర్లో వచ్చిన బండి అది, 3 సిలిండర్లు, 796 సీసీ. కార్బురేటర్ కాలం నాటి ఆ బండ్లలో మొత్తం ఇంజిన్‌కి ఒక్కటే కాయిల్. అక్కడి నుంచి కరెంటు డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్తే, అందులో తిరిగే రోటర్ ఒక్కో సిలిండర్‌కి వంతులవారీగా పంచేది. ప్రతి ప్లగ్‌కీ ఒక లావు నల్ల వైరు. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూతలోకి తడి చేరిందంటే బండి మొరాయించేది, పొడి గుడ్డతో తుడిస్తే మళ్లీ నడిచేది. అప్పటి మెకానిక్‌లు మైకో ప్లగ్ అనేవాళ్లు గుర్తుందా? 1951లో మొదలైన కంపెనీ అది, 2008లో పేరు బాష్ అని మారింది. పేరు మారినా కొందరు ముసలి మెకానిక్‌ల నోట్లో ఇప్పటికీ మైకోనే.

ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు, ఆ వైర్లూ లేవు. ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ నేరుగా కూర్చుంటుంది. ఇదిగో, చూడటానికి లావుపాటి మార్కర్ పెన్ను లాగా ఉంది కదా. పైన కనెక్టర్, కింద రబ్బరు తొడుగు, ఆ తొడుగు లోపల స్ప్రింగు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇది కొన్ని వేల వోల్టులుగా మారుస్తుంది. అవసరం పడితే 20 వేలు, 30 వేలు కూడా దాటిస్తుంది. ఎప్పుడు నిప్పు రవ్వ వెయ్యాలో ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, ఒక్కో కాయిల్‌కీ విడివిడిగా చెప్తుంది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తియ్యండి. ఇంజిన్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒక రవ్వ. అంటే ఒక్కో ప్లగ్ నిమిషానికి 1000 సార్లు మండాలి. సిటీలో సగటున గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే 40,000 కిలోమీటర్లకు 1,333 గంటలు. నిమిషాల్లోకి మార్చి 1000తో గుణించండి. దాదాపు 8 కోట్ల రవ్వలు! మనం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న టైం ఇందులో సరిగ్గా లెక్కే వెయ్యలేదు.

ప్రతి రవ్వా ప్లగ్ కొసలో కంటికి కనపడనంత లోహాన్ని తినేస్తుంది. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రమవుతాయి, రెండు కొసల మధ్య గ్యాప్ పెరుగుతుంది. కొత్తగా ఉన్నప్పుడు 1 మిల్లీమీటరు ఉన్న గ్యాప్ మెల్లగా ఇంకా వెడల్పవుతుంది. గ్యాప్ పెరిగితే దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ పాపం ఆ పని కూడా చేసిపెడుతుంది, తన శక్తి మేరకు. కానీ ఆ ఎక్కువ వోల్టేజీకి సులువైన దారి కావాలి కదా. రబ్బరు తొడుగులో ఎక్కడైనా సన్న పగులు ఉంటే అక్కడి నుంచి హెడ్ మీదికి దూకుతుంది. లేదంటే కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే కాల్చేస్తుంది. చాలాసార్లు కాయిల్ పోయింది అని మనం అనేది, నిజానికి అరిగిన ప్లగ్ కాయిల్‌ని చంపింది అని అనాలి. కొత్త కాయిల్ వేసి పాత ప్లగ్ అలాగే ఉంచితే కొన్నాళ్లకు అదే కథ మళ్లీ మొదలు.

సీఎన్‌జీ బండ్లకు ఇది ఇంకో మెట్టు ఎక్కువ. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ పడుతుంది. అంటే ప్లగ్ కొంచెం అరిగినా ముందు సీఎన్‌జీలో తెలుస్తుంది. "పెట్రోల్‌లో బాగానే నడుస్తోంది, గ్యాస్‌కి మార్చగానే కొడుతోంది" అని క్యాబ్ అన్నలు చెప్తారే, అందులో కిట్ తప్పు ఎంతుందో చూసే ముందు ప్లగ్‌లు చూడండి.

ఇప్పుడు కన్వర్టర్ సంగతి. ఒక సిలిండర్‌లో రవ్వ పడకపోతే అందులోకి వచ్చిన ఇంధనం కాలకుండా సైలెన్సర్ వైపు వెళ్తుంది. అక్కడ క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, తేనెపట్టు గదుల్లాంటి పింగాణీ మీద ప్లాటినం జాతి లోహాల పూత. కాలని ఇంధనం అక్కడికి చేరి మండితే ఆ పింగాణీ విపరీతంగా వేడెక్కి కరిగే దాకా పోవచ్చు. అందుకే మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఊరుకుంటే ఒక రకం, టక్ టక్ మని కొట్టుకుంటే ఇంకో రకం. కొట్టుకుంటోందంటే, ఇప్పుడే కన్వర్టర్ పాడయ్యేంత మిస్సింగ్ జరుగుతోందని బండి చెప్తున్నట్టు. ఎక్సలేటర్ మీద కాలు తేలిక చేసి, సురక్షితమైన చోట పక్కకు ఆపెయ్యండి. ఒక్క ట్రిప్ వేసుకుని వద్దాం అనే ఆలోచన వద్దు, ఆ ట్రిప్ డబ్బులు కన్వర్టర్ ఖర్చులో ఏ మూలకీ రావు.

సరే, పానా పట్టుకునే ముందు జబ్బేంటో తేల్చుకోవాలి. ఇక్కడే మీ ఫోన్ పనికొస్తుంది. స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, ఓబీడీ పోర్టు. దానికి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే బండి దాచుకున్న కోడ్‌లు చదవొచ్చు. పి 0300 అని వస్తే మిస్సింగ్ ఏ ఒక్క సిలిండర్‌లోనో కాదు, అటూఇటూ తిరుగుతోందని. పి 0301 అంటే ఒకటో సిలిండర్, 0302 అంటే రెండోది, అలా 0304 వరకు. చాలా బండ్లలో బెల్టు ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడతారు.

ఈ డిజైర్‌లో పి 0302 వచ్చింది. రెండో సిలిండర్. కాయిల్ పోయిందా, ప్లగ్ పోయిందా? పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది తీసి రెండో దాంట్లో పెట్టండి. కోడ్ చెరిపేసి బండి కాసేపు నడపండి. ఈసారి 0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటు జరిగింది, అంటే దోషి కాయిలే. మళ్లీ 0302నే వస్తే కాయిల్ అమాయకురాలు. ఇక్కడ మళ్లీ 0302నే వచ్చింది. అంటే మిగిలినవి ప్లగ్, ఇంజెక్టర్, లేదా ఆ సిలిండర్ కంప్రెషన్. వీటిలో చవకైనది, అందుబాటులో ఉన్నది ప్లగ్. అక్కడ మొదలుపెడతాం. నాలుగు కాయిళ్ల ఖర్చు ఈ పది నిమిషాల్లో తప్పింది చూశారా? ఒక్కటే జాగ్రత్త, ఈ పరీక్షలో ఒకేసారి రెండు వస్తువులు మార్చకండి. కాయిల్, ప్లగ్ కలిపి అటూఇటూ చేస్తే ఏది దోషో ఎప్పటికీ తెలియదు.

ప్లగ్‌లు కొనే విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. బండి మాన్యువల్‌లో ప్లగ్ నంబరు ఉంటుంది. పుస్తకం లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆ నంబర్లో ప్రతి అక్షరానికీ అర్థముంది. ఎన్‌జీకే ప్లగ్ నంబరు చివర 10 ఉంటే గ్యాప్ 1.0 మిల్లీమీటరు, 11 ఉంటే 1.1. మధ్యలో ఉండే అంకె హీట్ రేంజ్, అంటే ప్లగ్ తన వేడిని ఎంత తొందరగా హెడ్‌కి వదిలేస్తుందో చెప్పేది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లటిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. పూర్తిగా తలకిందులు. అందుకే "దీంట్లో 6 ఉంది, దాంట్లోనూ 6 ఉంది, ఒకటే" అని ఎవరైనా కౌంటర్ మీద పెడితే ఒప్పుకోవద్దు.

హీట్ రేంజ్ ఎందుకు ముఖ్యమంటే, ప్లగ్ కొస సుమారు 450 డిగ్రీలు దాటి ఉంటేనే దాని మీద పేరుకున్న మసి తనంతట తానే కాలిపోతుంది. మరీ వేడెక్కి 800, 850 దాటిపోతే రవ్వ పడకముందే ఆ ఎర్రటి కొసే ఇంధనాన్ని అంటించేస్తుంది. పిస్టన్‌కి అంతకన్నా అన్యాయం ఉండదు. ఈ రెండింటి మధ్య ప్లగ్‌ని ఉంచే లెక్క కంపెనీ ఇంజినీర్లు ముందే వేసిపెట్టారు. మనం మార్చక్కర్లేదు.

నికెలా, ఇరిడియమా? ఇది కామెంట్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియం 2,446 దగ్గర. గట్టి లోహం కాబట్టి మధ్య ఎలక్ట్రోడ్‌ని సూదిలా, 0.6 మిల్లీమీటరు వరకు సన్నగా చెయ్యొచ్చు. సన్నటి కొస నుంచి రవ్వ సులువుగా దూకుతుంది, కాయిల్ మీద భారం తగ్గుతుంది, లోహం మెల్లగా అరుగుతుంది. మామూలు నికెల్ ప్లగ్‌లు 30, 40 వేల కిలోమీటర్లకు మారిస్తే, ఇరిడియంవి చాలా బండ్లలో లక్ష దాకా వస్తాయి. కానీ ఇరిడియం వేస్తే బండి రాకెట్ అవుతుందని, మైలేజీ ఎగిరిపోతుందని చెప్పే రీల్స్‌ని నమ్మకండి. మంచి స్థితిలో ఉన్న నికెల్ ప్లగ్ తీసేసి ఇరిడియం వేస్తే మీకు తేడా తెలియకపోవచ్చు. రోజంతా రోడ్డు మీదే ఉండే సీఎన్‌జీ క్యాబ్‌కి మాత్రం, మాన్యువల్ ఒప్పుకుంటే, నేను ఇరిడియం వైపే మొగ్గుతా. మార్చే పని తక్కువసార్లు పడుతుంది, బండి ఆగే రోజులు తగ్గుతాయి.

నకిలీల గురించి. రాణిగంజ్ లాంటి పెద్ద స్పేర్ పార్ట్స్ మార్కెట్‌లో మంచి డీలర్లు ఎందరో ఉన్నారు, వాళ్ల దగ్గర కొనండి, బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్‌లో సగం ధరకే ఇరిడియం కనిపిస్తే వేలు వెనక్కి తీసుకోండి. చేతిలోకి వచ్చాక పింగాణీ మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, థ్రెడ్ నునుపుగా ఉందా, మధ్య కొస సరిగ్గా నడిమిలో ఉందా, వాషర్ ఊడి చేతిలోకి వచ్చేస్తోందా, ఇవి చూడండి. నాలుగూ పక్కపక్కన పెట్టి పోల్చితే తేడా ఉన్నది దానంతట అదే బయటపడుతుంది.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. కాయిల్ బోల్టుకి 10 నంబర్ సాకెట్. ప్లగ్‌కి ప్లగ్ సాకెట్, 16 నంబరో 14 నంబరో బండిని బట్టి. లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది తీసుకోండి, ప్లగ్‌ని పట్టుకుని పైకి తెస్తుంది. పొడుగు ఎక్స్‌టెన్షన్ ఒకటి. గ్యాప్ చూడటానికి ఫీలర్ గేజ్. వీలైతే టార్క్ రెంచ్. గాలి కొట్టడానికి కంప్రెసర్ లేకపోతే సైకిల్ పంపు చాలు.

ఇంజిన్ చల్లగా ఉండాలి. గంట సేపు ఆపితే సరిపోతుందిలే అనుకోకండి, రాత్రి ఆపి పొద్దున చెయ్యడం అన్నిటికంటే మంచిది. మనం పొద్దున ఆరింటికే ఎందుకొచ్చామనుకుంటున్నారు? హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఒళ్లు స్టీలు. వేడికి రెండూ ఒకేలా సాగవు. వేడి మీద ప్లగ్ తిప్పితే మెత్తటి అల్యూమినియం థ్రెడ్ చీరుకుపోయి ప్లగ్‌తో పాటు బయటికొచ్చేస్తుంది.

తాళం తీసెయ్యండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పితే ఇంకా మంచిది. కొన్ని బండ్లలో ఇంజిన్ మీద ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉంటుంది, ముందు అది తియ్యాలి. ఆ గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, బోల్టు జారి లోపల పడకుండా. ఇప్పుడు కాయిల్ కనెక్టర్. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన ప్లాస్టిక్ ఇది, అప్పడంలా విరుగుతుంది. వైరు పట్టుకుని లాగొద్దు. లాక్‌ని ముందు కాస్త లోపలికి తోసి, అప్పుడు నొక్కి, మెల్లగా వెనక్కి. వచ్చిందా? 10 నంబర్ బోల్టు విప్పి, కాయిల్‌ని ముందు అటూఇటూ కొంచెం తిప్పి, ఆ తర్వాత నిటారుగా పైకి లాగండి. రబ్బరు ప్లగ్‌కి అతుక్కుని ఉంటుంది, తిప్పకుండా లాగితే సగం తొడుగు లోపలే తెగిపోతుంది.

నాలుగూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, మార్చి, బిగించి, రెండోదానికి వెళ్లండి. కాయిళ్ల స్థానాలు, కనెక్టర్లు కలగాపులగం కావు, తెరిచిన గుంతలో చెత్త పడే టైం తగ్గుతుంది.

ఫోన్ టార్చ్ వేసి గుంతలోకి చూడండి. అడుగున ఇసుక, దుమ్ము కనిపిస్తోందా? ప్లగ్ విప్పకముందే గాలి కొట్టండి. కళ్లకు అద్దాలు పెట్టుకుని. ప్లగ్ తీశాక ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, అక్కడ పిస్టన్ దాన్ని గోడకేసి రుద్దుతుంది. గుంతలో నూనె నిలిచి ఉంటే అది వేరే కథ, పైన కవర్ గ్యాస్కెట్ గానీ ప్లగ్ గొట్టం సీల్ గానీ కారుతోంది. ఆ నూనెలో నానిన రబ్బరు తొడుగు ఉబ్బి మెత్తబడి కరెంటు లీకు చేస్తుంది. గ్యాస్కెట్ మార్చకుండా ప్లగ్ మాత్రం మారిస్తే మళ్లీ వస్తారు.

ప్లగ్ విప్పండి. మొదటి పావు చుట్టు గట్టిగా ఉండి టక్కున వదలాలి, తర్వాత చేత్తో తిరగాలి. మధ్యలో బిగుసుకుంటే బలం వాడకండి. కొంచెం వెనక్కి బిగించి, పెనెట్రేటింగ్ ఆయిల్ చుక్క వేసి, కాసేపు ఆగి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తియ్యండి. పక్కన పైపు తగిలించి లాగే అలవాటు కొందరికి ఉంటుంది. ప్లగ్ దగ్గర ఆ పని అసలు వద్దు.

తీసిన ప్లగ్‌లను సిలిండర్ నంబర్ ప్రకారం అట్టముక్క మీద వరసగా పెట్టండి. డాక్టరు నాలుక చూసినట్టు ఇప్పుడు వీటిని చూడాలి. కొస లేత గోధుమ రంగులో, కాస్త బూడిద రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే ఇంధనం ఎక్కువవుతోంది, లేదా రవ్వ బలహీనం. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే నూనె లోపలికి వస్తోంది, రింగులో వాల్వ్ సీళ్లో చూపించుకోండి. తెల్లగా పొక్కులు లేచినట్టుంటే మరీ వేడెక్కింది. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే మొత్తం ఇంజిన్ సంగతి, ఒక్కటే తేడాగా ఉంటే ఆ ఒక్క సిలిండర్ సంగతి. తెల్ల పింగాణీ లోహంలోకి దిగే చోట గోధుమ రంగు పట్టీలా మరక కనిపిస్తే భయపడకండి, గ్యాస్ లీక్ అయ్యిందని కొందరు అంటారు గానీ అది హై వోల్టేజీ చుట్టూ చేరిన నూనె ఆవిరి మరక. దాన్ని కరోనా మరక అంటారు, మన కరోనాతో ఏ సంబంధమూ లేదు.

ఈ బండిలో ఒకటి, మూడు, నాలుగు ప్లగ్‌లు రంగు బాగానే ఉన్నాయి, కానీ అంచులు గుండ్రమై గ్యాప్ బాగా పెరిగింది. రెండోదాన్ని దగ్గరగా చూపిస్తున్నా, ఫోకస్ అయిందా? పింగాణీ మీద జుట్టంత సన్నటి పగులు, పగులు పొడుగునా నల్ల గీత. కరెంటు కొస దాకా వెళ్లకుండా ఇక్కడి నుంచే పక్కకు దూకుతోంది. మన 0302 ఇదే. దీని మీద కూర్చున్న కాయిల్ రబ్బరు లోపల కూడా అదే చోట తెల్లటి మచ్చ పడింది, కాబట్టి తొడుగు కూడా మారుస్తున్నాం. చాలా కాయిళ్లకు తొడుగు, స్ప్రింగు విడిగా దొరుకుతాయి, మొత్తం కాయిల్ కొననక్కర్లేదు.

ఇక కొత్తవి ఎక్కించడం. గ్యాప్ ఒకసారి చూడండి, పెట్టెలోంచి వచ్చింది కదా అని వదలొద్దు, దారిలో ఎక్కడో కింద పడి ఉండొచ్చు. నేల మీద పడ్డ ప్లగ్ అయితే వాడకండి, పింగాణీ లోపల పగిలినా పైకి కనపడదు. ఇరిడియం ప్లగ్‌లో మధ్య సూదికి గేజ్ అదిమితే విరిగిపోతుంది, సర్దాల్సి వస్తే పక్క కొసనే ముట్టుకోండి.

ఇప్పుడు చెప్పేది మొత్తం పనిలో అతి ముఖ్యమైన అర నిమిషం. ప్లగ్‌ని రాట్చెట్‌తో మొదలుపెట్టకూడదు. ఒక రబ్బరు గొట్టం ముక్క ప్లగ్ తలకు తొడిగి, గుంతలోకి దించి, వేళ్లతో తిప్పండి. ముందు విప్పే దిశలో ఒక్క చుట్టు వెనక్కి. థ్రెడ్ థ్రెడ్‌లో పడ్డప్పుడు చిన్న టిక్ తెలుస్తుంది. అప్పుడు బిగించే దిశలో తిప్పండి. వంకరగా పడితే రబ్బరు గొట్టం జారిపోతుంది, థ్రెడ్ పాడవదు. అదే రాట్చెట్ అయితే వంకరగానైనా నెట్టుకుంటూ పోతుంది, కొత్త థ్రెడ్ తానే కోసుకుంటూ. హెడ్ థ్రెడ్ పోయిందంటే ఇన్సర్ట్ వెయ్యాలి, ఒక్కోసారి హెడ్ దించాలి. నాలుగు ప్లగ్‌ల పని రోజుల పని అవుతుంది.

వేళ్లతో చివరిదాకా వెళ్లాక, టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో అంకె పెట్టండి. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల థ్రెడ్ ప్లగ్‌లకు మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల వాటికి 15 నుంచి 20. లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కి వేళ్ల బిగుతు తర్వాత సుమారు అర చుట్టు. పెట్టె మీద బొమ్మ కూడా వేసి ఉంటుంది, ఎవరూ చూడరు. ఆ అర చుట్టులో వాషర్ నలిగి కూర్చోవడం చేతికి తెలుస్తుంది. ఇంకొంచెం అని లాగితే థ్రెడ్ సాగుతుంది. వదులుగా వదిలేస్తే ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగదు, మంట పక్కనుంచి కారుతుంది, ప్లగ్ మాడిపోతుంది.

థ్రెడ్‌కి గ్రీజు, కాపర్ పేస్ట్ పూసే అలవాటు చాలామందికి ఉంది. ఇప్పటి ప్లగ్‌లకు పూత ముందే ఉంటుంది. పేస్ట్ పూస్తే థ్రెడ్ జారుడవుతుంది, రెంచ్ అదే అంకె చూపిస్తున్నా నిజంగా అంతకన్నా ఎక్కువ బిగిసిపోతుంది. ఎన్‌జీకే కూడా వద్దనే చెప్తుంది. పొడిగానే వెయ్యండి.

కాయిల్ రబ్బరు నోటి లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు సన్నగా పూయండి, తర్వాతిసారి సులువుగా వస్తుంది. నిటారుగా అదిమితే కింద ప్లగ్ తల పట్టుకున్నట్టు తెలుస్తుంది. బోల్టు చిన్నది, చేతి మణికట్టు బలం చాలు. కనెక్టర్ టిక్ మనాలి, మనకపోతే లాక్ పడలేదు. ఇలాగే మిగతావి.

స్టార్ట్ చేద్దాం. వినండి... వణుకు లేదు. కోడ్ చెరిపేశా. ఏసీ వేశాం, అయినా ఐడ్లింగ్ నిలకడగా ఉంది. సీఎన్‌జీకి మార్చాం, తేడా లేదు. ఇంకో రెండు రోజులు నడిపి మళ్లీ కోడ్ చూడమని అన్నకు చెప్పా, ఎందుకంటే ఇంజెక్టర్, కంప్రెషన్ సంగతి లోడు మీదే పూర్తిగా తెలుస్తుంది.

పోయిన ఎపిసోడ్ కింద వచ్చిన రెండు ప్రశ్నలు. పాత ప్లగ్ పెట్రోల్‌లో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ వెయ్యొచ్చా? ఇంటికి చేరడానికి పరవాలేదు. కానీ అరిగిన అంచు రుద్దితే తిరిగి రాదు, ఉప్పుకాగితం గీతల్లో మసి ఇంకా తొందరగా పడుతుంది. ఇరిడియం అయితే ముట్టుకోనే వద్దు. పాడైనది ఒక్కటే కదా, ఒక్కటే మార్చొచ్చా? ఈరోజు పని గడుస్తుంది గానీ, నాలుగూ ఒకే రోజు పుట్టినవి, ఒకేలా 8 కోట్ల రవ్వలు కొట్టినవి. మిగతా మూడు కూడా క్యూలోనే ఉన్నాయి. నాలుగూ మార్చి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత మీద పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు, ప్లగ్ నంబరు రాసిపెట్టండి. ఈ బండి మూత మీద ఇప్పుడే రాశాం, కెమెరా ఇటు తిప్పు... ఆ, కనిపిస్తోంది.